రోజే థెసారస్‌లో ఒప్పుకోలు క్రియలు: ఒక సమీక్ష

ఇంగ్లీషులో ఉత్తరాలు, ఒప్పందాలు, తీర్మానాలు, నివేదికలు రాసేవారికి తరచుగా ఎదురయ్యే చిక్కు ఒకటి ఉంది. అగ్రీ, అసెంట్, కన్సెంట్, అప్రూవ్, అఫర్మ్, కన్ఫర్మ్, కన్‌కర్, రాటిఫై, ఎండార్స్, శాంక్షన్ అనే క్రియలన్నీ పైపైన చూస్తే "సరే" అనే ఒక్క మాటకే రకరకాల రూపాల్లా కనిపిస్తాయి. తీరా రాసేటప్పుడు ఒకటి ఉండవలసిన చోట మరొకటి పడిందంటే, అభిప్రాయంగా చెప్పిన మాటను చదివేవారు అనుమతిగా తీసుకుంటారు, అనుమతిగా చెప్పిన మాటను మెప్పుగా తీసుకుంటారు. ఈ క్రియల మధ్య తేడాను పట్టుకోవడానికి పీటర్ మార్క్ రోజే కూర్చిన థెసారస్, అంటే అర్థాన్ని బట్టి మాటలను పేర్చిన కోశం, ఎంతవరకు పనికివస్తుందన్న ఒక్క ప్రశ్నతోనే ఈ సమీక్ష రాస్తున్నాను. నేను చూసినది 1911 నాటి కూర్పు. దాని కాపీహక్కులు తీరిపోయాయి కనుక ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్ అనే ఉచిత పుస్తకాల వెబ్‌సైటులో ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు.

రోజే వృత్తిరీత్యా వైద్యుడు. 1779లో లండన్‌లో పుట్టాడు, 1827 నుంచి 1848 వరకు శాస్త్రవేత్తల సంఘమైన రాయల్ సొసైటీకి కార్యదర్శిగా పనిచేశాడు. సొంత రాతకోతల అవసరం కోసం 1805లోనే మాటల పట్టిక ఒకటి మొదలుపెట్టుకుని, దాన్ని పెంచి, సవరించి, 1852లో పుస్తకంగా తెచ్చాడు. అప్పటికి ఆయన వయసు డెబ్బై మూడేళ్లు. ఈ పుస్తకంలో మాటలు అకారాదిగా ఉండవు. మనిషి ఆలోచనలో పుట్టే భావాలన్నింటినీ ఆరు వర్గాలుగా చేసి, వాటి కింద సుమారు వెయ్యి శీర్షికలు పెట్టి, ఒక్కొక్క శీర్షికకు ఒక అంకె ఇచ్చి, ఆ భావానికి సంబంధించిన నామవాచకాలను, క్రియలను, విశేషణాలను వరుసగా పేర్చాడు. అర్థాన్ని బట్టి మాటలను వర్గాలుగా చేసే ఈ పద్ధతి అమరకోశం తెలిసిన పాఠకులకు కొత్తేమీ కాదు. రోజే కూడా 1852 నాటి పీఠికలో, ఒక అధోజ్ఞాపికలో, కోల్‌బ్రూక్ ఇంగ్లీషు అనువాదంతో 1808లో శ్రీరాంపూర్‌లో అచ్చయిన అమరకోశాన్ని పేర్కొన్నాడు. దాని అమరికను మాత్రం ఆయన మెచ్చుకోలేదు. ఛందస్సులో కంఠస్థం చేయడానికి కూర్చిన కోశాన్ని, వెతుక్కోవడానికి కూర్చిన కోశంతో ఒకే కొలతబద్దతో కొలవడం న్యాయం కాదన్నది నా అభిప్రాయం.

ఇక అసలు సంగతికి వస్తాను. ఒప్పుకోవడం, ఆమోదించడం, అవునని చెప్పడం అనే అర్థాలున్న క్రియలను రోజే ఒకే చోట కుప్పగా పోయలేదు. 23వ శీర్షిక రెండు విషయాలు ఒకదానితో ఒకటి పొసగడానికి సంబంధించినది. అక్కడ మనుషుల ఊసే లేదు. 488వ శీర్షిక అసెంట్, అంటే ఎదుటివారి అభిప్రాయంతో ఏకీభవించడం. 535వ శీర్షిక అఫర్మేషన్, అంటే ఒక మాటను నిజమని గట్టిగా చెప్పడం. 760వది పర్మిషన్, 762వది కన్సెంట్, 931వది అప్రొబేషన్, అంటే మెచ్చుకోలు. ఈ అంకెలు ఏయే వర్గాల్లో పడ్డాయో చూస్తే పుస్తకం విలువ తెలుస్తుంది. 488, 535 రెండూ బుద్ధికి సంబంధించిన నాలుగో వర్గంలో ఉన్నాయి. అయితే మొదటిది ఆలోచన ఏర్పడే భాగంలో, నమ్మకం, అపనమ్మకం వంటి శీర్షికల పక్కన ఉంది. రెండోది ఆలోచనను ఇతరులకు తెలియజేసే భాగంలో ఉంది. 760, 762 సంకల్పానికి చెందిన ఐదో వర్గంలో, అందులోనూ మనుషులు ఒకరి ఇష్టాయిష్టాలతో ఒకరు వ్యవహరించే భాగంలో వచ్చాయి. 931 హృదయానికి, నీతికి చెందిన ఆరో వర్గంలో ఉంది. బుద్ధి ఒప్పుకోవడం ఒకటి, నోరు చెప్పడం ఒకటి, ఇష్టపడి అంగీకరించడం ఒకటి, మనసారా మెచ్చడం మరొకటి అన్న విభజనను ఇంత స్పష్టంగా, ఒక్క వాక్యం వివరణ కూడా రాయకుండా, కేవలం స్థానంతో చూపించిన నిఘంటువు నాకు మరొకటి కనిపించలేదు.

488వ శీర్షిక కింద ఉన్న క్రియల భాగాన్ని దగ్గరగా చూద్దాం. అసెంట్‌తో మొదలై అక్వీస్, యాక్సెప్ట్, అక్సీడ్, అకార్డ్, కన్‌కర్, కన్సెంట్, కోయిన్‌సైడ్ వరకు ఒక వరుస సాగుతుంది. తరువాత ఎదుటివారి మాటకు గొంతు కలపడం, ప్రతిధ్వనిలా పలకడం, ఓటు వేయడం, అవునంటే అవుననడం వంటి పదబంధాలు వస్తాయి. ఆ తరువాత వేరే పేరాలో అక్నాలెడ్జ్, ఓన్, అడ్మిట్, అలౌ, అవౌ, కన్ఫెస్ ఉన్నాయి. ఇవి ఇష్టంగా కలిసిరావడానికి కాక, కాదనలేక ఒప్పుకోవడానికి వాడే మాటలు. చివరకు కన్ఫర్మ్, అఫర్మ్, రాటిఫై, అప్రూవ్, ఎండార్స్, కౌంటర్‌సైన్ అనే వరుస ఉంది. వీటిలో ఒప్పుకోలు మనసులో ఆగకుండా సంతకంగానో, ముద్రగానో కాగితం మీదికి వస్తుంది. ప్రవాహంతోపాటు ఈదడాన్ని చెప్పే నుడికారం కూడా ఇదే శీర్షిక కింద చోటు చేసుకుంది. పేరా మారినప్పుడల్లా ఒప్పుకోలు స్వభావం మారుతుందని ఒక్కసారి గ్రహించిన పాఠకుడు ఆ తరువాత ఈ పుస్తకాన్ని పదాల జాబితాగా చదవడు.

ఈ పుస్తకంతో నేను చేసే పని ఇంకొకటి ఉంది. దీన్ని కొత్తగా వాడేవారికి కూడా గట్టిగా సూచిస్తాను. ఒక క్రియ ఎన్ని శీర్షికల కింద కనిపిస్తుందో వెతికి చూడాలి. అక్వీస్ 488లోనూ ఉంది, 762లోనూ ఉంది. అంటే అభిప్రాయంగానూ, ఇష్టపూర్వక అంగీకారంగానూ దాన్ని చదవడానికి వీలుంది. అవౌ 488లోనూ 535లోనూ ఉంది, కనుక అది ఒప్పుకోవడమూ అవుతుంది, బహిరంగంగా ప్రకటించడమూ అవుతుంది. శాంక్షన్ 760లో అనుమతుల మధ్య, 931లో మెచ్చుకోళ్ల మధ్య కనిపిస్తుంది. అలౌ అయితే 488, 760, 762 మూడింటిలోనూ ఉంది. ఇన్ని చోట్ల ఉన్న క్రియను ఒప్పందంలోనో, అధికారిక లేఖలోనో ఒంటరిగా వాడితే ఏ అర్థంలో వాడామన్నది చదివేవారి ఊహకే వదిలేసినట్టు అవుతుంది. అందువల్ల అటువంటి పత్రాల్లో ఒకే శీర్షికకు కట్టుబడి ఉండే క్రియను ఎంచుకోవడం మంచిది. ఈ ఎంపికకు రోజే అంకెలు ఇచ్చినంత సాయం మామూలు నిఘంటువు ఇవ్వదు.

535వ శీర్షికలోని అఫర్మ్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. అక్కడ అసర్ట్, డిక్లేర్, స్టేట్, మెయింటెయిన్, కంటెండ్, అలెజ్ వంటి క్రియల తరువాత డిపోజ్, అవర్, అవౌచ్, అసెవరేట్, స్వేర్ వస్తాయి. ఆ పైన అఫిడవిట్ ఇవ్వడం, ప్రమాణం చేయడం, దైవాన్ని సాక్షిగా పిలవడం వంటి పదబంధాలు ఉన్నాయి. అఫర్మ్‌ను, స్వేర్‌ను ఒకే శీర్షిక కింద ఉంచడం భాషాపరంగా సబబే. చట్టం దృష్టిలో మాత్రం ఆ రెండింటి మధ్య తేడా కోసం మనుషులు తరాల తరబడి పోరాడారు. దేవుడి మీద ఒట్టు వేయడం తమ విశ్వాసానికి విరుద్ధమన్న క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవారికి ఇంగ్లండులో 1695 చట్టం ప్రమాణానికి బదులు ధ్రువీకరణ, అంటే అఫర్మ్, చేసే వెసులుబాటు ఇచ్చింది. అమెరికా రాజ్యాంగం అధ్యక్షుడి ప్రమాణ వాక్యంలోనే స్వేర్ పక్కన అఫర్మ్‌ను కూడా పెట్టింది. 1853లో ఫ్రాంక్లిన్ పియర్స్ ఈ రెండో క్రియతోనే పదవి చేపట్టాడు. బ్రిటన్‌లో 1880లో నార్తాంప్టన్ నుంచి పార్లమెంటుకు ఎన్నికైన నాస్తికుడు చార్లెస్ బ్రాడ్లా, తనను ప్రమాణానికి బదులు ధ్రువీకరణ చేయనివ్వాలని కోరినందుకు ఏళ్ల తరబడి సభలో తన స్థానం కోసం పెనుగులాడవలసి వచ్చింది. చివరకు ఆయనే ముందుండి నడిపిన ప్రమాణాల చట్టం 1888లో వచ్చాక అందరికీ ఆ హక్కు దక్కింది. ఒక శీర్షిక కింద పక్కపక్కన పేర్చిన రెండు క్రియలు ఒకదానికి బదులు ఒకటి వాడుకోదగినవి కావన్న సంగతికి ఇంతకన్న బలమైన ఉదాహరణ అక్కరలేదు. పుస్తకం ఆ హెచ్చరిక చేయదు. అది దాని లోపాల్లో మొదటిది.

931వ శీర్షిక చదవడానికి ఆహ్లాదంగా ఉంటుంది. అప్రూవ్, ఎస్టీమ్, వాల్యూ, ప్రైజ్, అప్రీషియేట్, అడ్మైర్ అనే క్రియల నుంచి కమెండ్, లాడ్, అప్లాడ్ దాకా, అక్కడి నుంచి చప్పట్లు కొట్టడం, భుజం తట్టడం దాకా మెప్పు మెల్లగా పెరుగుతూ పోతుంది. అయితే అప్రూవ్ అన్న క్రియ రెండు విధాలుగా నడుస్తుంది. వెంట ఆఫ్ అన్న మాట చేరితే అది మనసుకు నచ్చడాన్ని చెబుతుంది, అది లేకుండా నేరుగా కర్మను తీసుకుంటే చాలావరకు అధికారంతో ఆమోదించడాన్ని చెబుతుంది. ఒక అధికారి తనకు ఏమాత్రం నచ్చని పథకాన్ని కూడా నిబంధనల ప్రకారం అప్రూవ్ చేయవచ్చు. రోజే ఈ క్రియను 488లో సంతకాల వరుసలోనూ, 931లో మెప్పుల వరుసలోనూ పెట్టాడు కాబట్టి తేడా ఆయనకు తెలుసు. కానీ ఆ తేడాను మోసే చిన్న మాటను మాత్రం చూపించలేదు.

ఈ చిన్న మాటల సంగతే పుస్తకానికి ఉన్న అతిపెద్ద కొరత. మనిషితో ఏకీభవిస్తే అగ్రీ తరువాత విత్ వస్తుంది, ప్రతిపాదనకు ఒప్పుకుంటే టు వస్తుంది, షరతుల మీద ఒక మాటకు వస్తే ఆన్ వస్తుంది. బ్రిటిష్ వాడుకలో ఏ మాటా లేకుండా నేరుగా షరతులను అగ్రీ చేయడం కూడా ఉంది. అక్వీస్‌కు ఇన్ రాయడం శిష్టవాడుక. కన్సెంట్, అసెంట్, అక్సీడ్ మూడింటికీ టు వస్తుంది. ఇంగ్లీషు పుట్టుకతో వచ్చినవారికి ఇవి చెవికే తెలుస్తాయి. రోజే తన పుస్తకాన్ని వారి కోసమే కూర్చాడన్నది స్పష్టం. మాట తెలిసి, సమయానికి గుర్తురాని రచయితకు దాన్ని గుర్తుచేయడం ఆయన ఉద్దేశం. భాషను నేర్చుకుని రాసేవారు ఈ థెసారస్‌ను ఒంటరిగా వాడకూడదు. వాక్య ప్రయోగాలున్న మంచి నిఘంటువు ఒకటి పక్కన ఉండి తీరాలి.

మాటల మర్యాదా స్థాయి విషయంలోనూ ఇదే పరిస్థితి. అసెవరేట్ వంటి గ్రాంథిక క్రియకు, సామాన్య సంభాషణలో వాడే పదబంధానికి మధ్య ఏ గుర్తూ ఉండదు. నూరేళ్లు దాటిన కూర్పు కనుక, ఈ కాలపు కార్యాలయాల్లో పుట్టి పెరిగిన ఒప్పుకోలు మాటల కోసం దీన్ని తెరవడంలో అర్థం లేదు. ఇందులో కనిపించిన పాత మాటను చూసి ముచ్చటపడి ఉద్యోగ దరఖాస్తులో వాడుకోవడమూ శ్రేయస్కరం కాదు.

రాజ్యాంగాలు, ఒప్పందాలు, న్యాయస్థానాల భాష దగ్గరికి వచ్చేసరికి పుస్తకం చేయగలిగినది, చేయలేనిది రెండూ తేటతెల్లమవుతాయి. బ్రిటిష్ పార్లమెంటు ఆమోదించిన బిల్లుకు రాజు ఇచ్చేది అసెంట్. దాన్ని నిరాకరించడం చివరిసారిగా 1708లో, ఆన్ రాణి కాలంలో, స్కాటిష్ మిలిషియా బిల్లు విషయంలో జరిగింది. అమెరికా అధ్యక్షుడు బిల్లును సంతకం చేసి స్వీకరించడానికి రాజ్యాంగం వాడిన క్రియ అప్రూవ్. నియామకాలకు, ఒప్పందాలకు సెనేట్ ఇచ్చేది సలహా, కన్సెంట్. ఒప్పందాన్ని సెనేట్ రాటిఫై చేసిందని పత్రికలు రాస్తుంటాయి గాని, సెనేట్ సమ్మతించిన తరువాత రాటిఫై చేసేది అధ్యక్షుడు. కింది కోర్టు తీర్పును పైకోర్టు నిలబెడితే దానికి అఫర్మ్ అన్న క్రియ ఉంది. ఈ అయిదు చోట్లా ఒక క్రియకు బదులు మరొకటి పెట్టడానికి వీల్లేదు. దేశాల మధ్య ఒప్పందాలకు నియమాలు పెట్టిన 1969 నాటి వియన్నా ఒడంబడికలోని పదకొండో అధికరణం ఈ విషయంలో చదివి తీరవలసిన పాఠ్యం. ఒక దేశం ఒప్పందానికి కట్టుబడడానికి తన కన్సెంట్‌ను సంతకం, పత్రాల మార్పిడి, రాటిఫికేషన్, యాక్సెప్టెన్స్, అప్రూవల్, అక్సెషన్ అన్న మార్గాల్లో దేని ద్వారానైనా, లేదా తాము ఒప్పుకున్న మరే మార్గంలోనైనా తెలియజేయవచ్చని అది చెబుతుంది. కన్సెంట్ అన్న ఒక్క భావం కింద మిగిలినవన్నీ దాన్ని వ్యక్తపరిచే మార్గాలుగా అమరిపోయాయి. రోజే విభజనతో పోల్చి చూస్తే ఇది చాలా ఆసక్తికరం, ఎందుకంటే రాటిఫై ఆయన పుస్తకంలో సంకల్పానికి చెందిన 762లో కాక బుద్ధికి చెందిన 488లో కనిపిస్తుంది.

ఇక్కడే నాకు రోజేతో అభిప్రాయభేదం ఉంది. అసెంట్‌ను ఆయన పూర్తిగా అభిప్రాయాల వర్గంలో పెట్టాడు. బ్రిటిష్ పార్లమెంటులో రాజు అసెంట్ ఇచ్చినట్టు ప్రకటించే సూత్రం నార్మన్ ఫ్రెంచిలో నేటికీ "రాజుకు ఇష్టమే" అన్న అర్థాన్నే చెబుతుంది. అది అభిప్రాయం కాదు, సంకల్పం. 762వ శీర్షికలో కన్సెంట్ తరువాత వెంటనే అసెంట్ అని రాసి 488 అంకెను చూపడం ద్వారా రోజే ఈ చిక్కును కొంతవరకు గుర్తించాడనే చెప్పాలి. అయినా శాసన వ్యవహారాల్లో దాని బరువు ఎంతో, ఆ చిన్న సూచన చూసి పాఠకుడు ఊహించలేడు. అసెంట్, కన్సెంట్ రెండూ లాటిన్‌లో అనుభూతి చెందడాన్ని చెప్పే ఒకే ధాతువు నుంచి వచ్చాయి. అటువంటి జంటను బుద్ధికొకటి, సంకల్పానికొకటి పంచిపెట్టడం సులభమైన పని కాదు. ఎక్కడో ఒకచోట గీత గీయవలసి వచ్చినప్పుడు ఆయన గీసిన గీత చాలా వాక్యాలకు సరిపోతుంది. ఒకరి వాదనకు అసెంట్ తెలపవచ్చు, శస్త్రచికిత్సకు ఇవ్వవలసింది మాత్రం కన్సెంట్. ఈ తేడాను అది సరిగానే పట్టుకుంది.

వాడుకలో ఎదురయ్యే కొన్ని ఇబ్బందులను కూడా చెప్పాలి. ఉచిత ప్రతి సాదా పాఠ్యంగా ఉంటుంది. అచ్చు పుస్తకంలో రోజే సమ్మతిని, అసమ్మతిని ఎదురెదురు వరుసల్లో నిలిపాడు. 488కి ఎదురుగా 489, 535కి ఎదురుగా 536, 931కి ఎదురుగా 932 ఒకే చూపులో కనిపించడం ఆ పుస్తకానికి సగం అందం. సాదా పాఠ్యంలో అవి ఒకదాని కింద ఒకటి వచ్చేస్తాయి. ఎండార్స్ అన్న క్రియను నేటి వర్ణక్రమంతో వెతికితే ఈ శీర్షికల్లో దొరకకపోవచ్చు, ఎందుకంటే ఇందులో దాన్ని ఐ అక్షరంతో మొదలుపెట్టి రాశారు. మాటల పక్కన వచ్చే అంకెలు మరో శీర్షికకు దారి చూపిస్తాయని మొదట్లో తెలియక చాలామంది వాటిని వదిలేస్తారు. కరోబరేట్ పక్కనున్న అంకె సాక్ష్యాల శీర్షికైన 467కి తీసుకువెళ్తుంది. అక్కడికి వెళ్లి చూస్తే, ఆధారం చూపి బలపరచడం వేరు, ఆధారం లేకుండా ఔననడం వేరు అన్న సంగతి మళ్లీ స్థానం ద్వారానే తెలుస్తుంది.

ఇంటర్‌నెట్‌లో ఏ క్రియ కొట్టినా క్షణంలో పర్యాయపదాలు గుట్టగా వచ్చి పడే ఈ రోజుల్లో ఇంత శ్రమ ఎందుకని అడిగేవారు ఉంటారు. ఆ జాబితాల్లో అగ్రీ కింద అక్వీస్, అప్రూవ్, పర్మిట్, అడ్మిట్ అన్నీ ఒకే పంక్తిలో సమానహోదాతో కూర్చుంటాయి. గెలిచినవాడు అగ్రీ కావడానికి, ఓడినవాడు కన్సీడ్ చేయడానికి, మౌనంగా ఉండిపోయినవాడు అక్వీస్ కావడానికి మధ్య ఉన్న దూరం వాటిలో కనబడదు. అక్వీస్ లాటిన్‌లో నిశ్శబ్దానికి, విశ్రాంతికి సంబంధించిన మాట నుంచి వచ్చింది. ఎదురు చెప్పకపోవడమే దాని సారం. అటువంటి క్రియను ఉత్సాహంగా మద్దతిచ్చినవారి గురించి వాడితే వారికి అన్యాయం చేసినట్టే. రోజే పుస్తకం ఈ విషయాన్ని పూర్తిగా విడమరచి చెప్పకపోయినా, ఆగి ఆలోచించే అలవాటును మాత్రం కలిగిస్తుంది. ఈ కారణంగానే, లోపాలన్నీ తెలిసి కూడా, అనువాదకులకు, న్యాయ పత్రాలు రాసేవారికి, పై తరగతుల విద్యార్థులకు దీన్ని మనస్ఫూర్తిగా సిఫారసు చేస్తున్నాను. ఇంగ్లీషు ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నవారు మాత్రం మరికొంతకాలం ఆగి దీని దగ్గరికి రావడం మంచిది.

అచ్చు ప్రతి కొనదలచినవారికి ఒక జాగ్రత్త చెప్పాలి. రోజే పేరు అట్ట మీద ఉన్నంత మాత్రాన లోపల ఆయన అమరిక ఉంటుందని అనుకోకూడదు. అమెరికాలో ఆ పేరును ఏ ప్రచురణకర్తయినా వాడుకోవచ్చు కాబట్టి, అకారాది క్రమంలో కూర్చిన మామూలు పర్యాయపద కోశాలు కూడా అదే పేరుతో అమ్ముడవుతున్నాయి. ఒప్పుకోలు క్రియల విషయంలో పైన చెప్పిన ప్రయోజనాలేవీ వాటిలో దొరకవు. పుస్తకం తెరిచి, చివర అంకెలతో కూడిన పెద్ద సూచిక ఉందో లేదో, మొదట్లో వర్గాల పట్టిక ఉందో లేదో చూసుకుని కొనాలి. శీర్షికల అంకెలు కూర్పును బట్టి మారుతాయి. నేను ఇచ్చినవి 1911 కూర్పుకే వర్తిస్తాయి కాబట్టి, కొత్త ప్రతిలో సూచిక చూసి అసెంట్, అఫర్మేషన్, కన్సెంట్, అప్రొబేషన్ అన్న పేర్లతో వెతుక్కోవాలి.